ఆకుపచ్చ గడిలో దాగిన పోకడ: ఒక నెలవారీ సమీక్షలో స్లైడ్ల కేస్ స్టడీ

ఈ కేసు సంగారెడ్డి జిల్లాలోని ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) కర్మాగారానిది. సంస్థ పేరూ మందు పేరూ చెప్పడం లేదు. అంకెలను కూడా పోకడ చెడకుండా కొద్దిగా మార్చాను. పదకొండేళ్లు క్వాలిటీ అస్యూరెన్స్‌లో పనిచేశాక నేను కర్మాగారాల్లో జరిగే సమీక్షా సమావేశాలను చక్కదిద్దే పనిలోకి వచ్చాను. ఈ కర్మాగారం క్వాలిటీ హెడ్ ఫోన్ చేసినప్పుడు కోరింది ఒక్కటే: "మావాళ్లకు పవర్‌పాయింట్ బాగా చేయడం నేర్పించండి." రెండు రోజులు శిక్షణ ఇచ్చి, అక్షరాల సైజూ రంగులూ సరిచేసి వచ్చేస్తే సరిపోతుందని నేనూ అనుకున్నాను. తీరా వెళ్లి చూస్తే అక్కడ స్లైడ్లు అందంగానే ఉన్నాయి.

ఆ ఫోనుకు కారణం ఒక బ్యాచ్ ఫెయిల్ కావడం. వ్యాక్యూమ్ ట్రే డ్రయ్యర్‌లో, అంటే లోపలి గాలి లాగేసి పళ్లేల మీద సరుకును ఆరబెట్టే యంత్రంలో, పన్నెండు గంటలు ఆరబెట్టాక తీసిన నమూనాలో లాస్ ఆన్ డ్రయింగ్, అంటే పదార్థంలో మిగిలిపోయిన తడి, 0.56 శాతం వచ్చింది. అది 0.5 శాతం దాటకూడదు. వేడికి ఎక్కువసేపు తట్టుకోని పదార్థం కనుక ఇష్టం వచ్చినన్ని గంటలు ఆరబెట్టే వీలు లేదు. బ్యాచ్ ఆగింది, డీవియేషన్ (నిర్ణీత ప్రమాణం తప్పినట్టు నమోదు) రాశారు, దర్యాప్తు మొదలైంది. "పోయిన నెల సమీక్షలో అంతా ఆకుపచ్చగా చూపించారు, పది రోజులకే ఇదెలా వచ్చింది" అని ప్లాంట్ హెడ్ అడిగారు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో తప్పు స్లైడ్ల తయారీ మీదికి మళ్లింది.

నేను మొదట అడిగి తీసుకున్నది ఆ నెల సమీక్షలో చూపించిన ఫైలు. అందులో 58 స్లైడ్లు ఉన్నాయి, సమావేశానికి కేటాయించిన సమయం 75 నిమిషాలు. స్లైడ్‌కు నిమిషంపావు కంటే కాస్త ఎక్కువ, అంతేనన్నమాట. క్వాలిటీవాళ్ల 22వ స్లైడ్‌లో ఈ మందుకు సంబంధించిన వరుస ఒకటి ఉంది: బ్యాచ్‌లు 3, సగటు 0.39, పరిమితి 0.5, చివరి గడి ఆకుపచ్చ. మెయింటెనెన్స్‌వాళ్ల 41వ స్లైడ్‌లో డ్రయ్యర్ల వ్యాక్యూమ్ ఉంది: పాదరసం కొలతలో 650 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, వచ్చింది 680, గడి ఆకుపచ్చ. స్టోర్స్‌వాళ్ల 53వ స్లైడ్‌లో రావలసిన విడిభాగాల పట్టిక ఉంది. అందులో పద్నాలుగో వరుస "డోర్ గ్యాస్కెట్, 1, పెండింగ్".

ఈ మూడూ ఒకే డ్రయ్యర్‌కు చెందినవి. ఒకదాని పక్కన ఒకటి పెడితే ఇంజనీరింగ్ చదవనివాడికి కూడా కథ అర్థమవుతుంది. తలుపు రబ్బరు పాడైంది, గాలి లోపలికి పీలుస్తోంది, వ్యాక్యూమ్ తగ్గుతోంది, సరుకు సరిగ్గా ఆరడం లేదు. కాని 22వ స్లైడ్‌కూ 53వ స్లైడ్‌కూ మధ్య గడియారంలో నలభై నిమిషాలు గడిచాయి. చీకటి గదిలో, టీ వచ్చి వెళ్లిన తర్వాత, నలభై నిమిషాల కింద చూసిన 0.39 ఎవరి బుర్రలో నిలుస్తుంది?

ఇంకో ఇబ్బంది సగటులో ఉంది. అంతకు ముందు నెల మూడు బ్యాచ్‌ల ఫలితాలు 0.22, 0.24, 0.29. ఆ నెలవి 0.33, 0.39, 0.45. ఆరు అంకెలను వరుసగా రాస్తే ఎక్కడా ఆగకుండా మెట్లెక్కుతున్నట్టు కనిపిస్తుంది. సగటు తీసి నెలకొక గడిలో పెట్టగానే మెట్లు మాయమై, 0.25 ఒక ఫైలులోనూ 0.39 ఇంకో ఫైలులోనూ మిగిలాయి. ఆకుపచ్చ రంగు ఆ మిగిలిన కాస్తనూ కప్పేసింది. ఆ టెంప్లేట్‌లో పసుపు రంగు కూడా ఉంది, పరిమితికి దగ్గరవుతున్నప్పుడు వాడాలన్న సూచనతో సహా. ఎవరూ ఎందుకు వాడలేదని విచారిస్తే తెలిసింది: పసుపు పెడితే కారణం రాయాలి, కారణం రాస్తే ప్రశ్న వస్తుంది, ప్రశ్న వస్తే ఆ సాయంత్రం ఇంటికి వెళ్లడం ఆలస్యమవుతుంది.

ఫైలు తయారయ్యే తీరు కూడా చెప్పాలి. సమావేశానికి ముందు రోజు రాత్రి ఒక్కో శాఖ తన స్లైడ్లను మెయిల్‌లో పంపుతుంది. నివేదికలు చూసుకునే ఒక కుర్రాడు వాటన్నిటినీ పెద్ద ఫైలులో అతికిస్తాడు. అతను చేసేది అతికించడమే. ఏ స్లైడ్‌కు ఏ స్లైడ్‌తో సంబంధమో చూడటం అతని పనీ కాదు, అతనికి తెలిసే అవకాశమూ లేదు. మొత్తం 58 స్లైడ్లనూ ఒకేసారి చదివిన మనిషి ఆ కర్మాగారంలో ఒక్కరూ లేరు. శాఖలుగా చీలిన సంస్థ తన చీలికలనే వరుసగా తెర మీద చూపించుకుని దాన్ని సమీక్ష అంటోందని నాకు అనిపించింది.

రెండో రోజు ఉదయం ఆ డ్రయ్యర్ విభాగం షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ను విడిగా కూర్చోబెట్టుకున్నాను. నలభై దాటిన మనిషి, ఆ ప్లాంట్‌లోనే హెల్పర్‌గా మొదలై పైకి వచ్చినవాడు. పాత సమీక్షలో తను ఎలా మాట్లాడాడో అలాగే మళ్లీ చేసి చూపించమన్నాను. ఆయన ల్యాప్‌టాప్ తెర వైపు తిరిగి, నాకు వీపు చూపిస్తూ, ఇంగ్లీషులో ఉన్న ప్రతి వరుసనూ ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను ల్యాప్‌టాప్ మూసేసి, ఆ రెండు నెలల్లో ఆ డ్రయ్యర్ సంగతి ఏమిటో తెలుగులో చెప్పమన్నాను.

"నైట్ షిఫ్టుల తలుపు దగ్గర సన్నగ ఈల వస్తుండె సార్. రబ్బరు గట్టిపడ్డది. బోల్టులు ఇంకో చుట్టు బిగించి నడిపిస్తున్నం. కొత్తది ఇండెంట్ పెట్టినం, రాలే."

"మరి మీటింగ్‌లో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఆ స్లైడు నాది కాదు కద సార్."

నా నోట్‌బుక్‌లో ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను. బ్యాచ్ ఫెయిల్ కావడానికి కారణం ఆయనకు ముందే తెలుసు. ఆయన మాట్లాడేటప్పుడు ఆ గదిలో పన్నెండు మంది ఉన్నారు. తెర మీద గడి లేని సంగతి నోటికి రాలేదు. టెంప్లేట్‌లో ఈల శబ్దానికి గడి ఎవరు పెడతారు? పైగా స్లైడ్ ఇంగ్లీషులో ఉంటే, తెలుగులో ఆలోచించే మనిషి దాన్ని చదివేసి కూర్చోవడంలోనే క్షేమం చూసుకుంటాడు. సొంత మాట కలిపితే వ్యాకరణం తప్పుతుందేమోనన్న బెరుకు, పక్కన ఎంఎస్సీలు చదివినవాళ్లు నవ్వుతారేమోనన్న బెరుకు. ఇలాంటి నిశ్శబ్దాన్ని నేను చాలా కర్మాగారాల్లో చూశాను. దాన్ని "ప్రెజెంటేషన్ స్కిల్స్ తక్కువ" అని రాసేసి పంపిస్తుంటారు.

మధ్యాహ్నం శాఖాధిపతులందరికీ ఒక పాత స్లైడ్ అచ్చు తీసి పంచాను. అది 2003 జనవరిలో కొలంబియా అంతరిక్ష నౌక ఇంకా కక్ష్యలో ఉండగా, బోయింగ్ ఇంజనీర్లు నాసాకు చూపించినది. నౌక జనవరి 16న బయలుదేరిన సుమారు 82 సెకన్లకు ఇంధన ట్యాంకు పైపూత నుంచి ఊడిన గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఎడమ రెక్కను తాకింది. దానివల్ల ప్రమాదం ఎంతో అంచనా వేయడం వాళ్ల పని. ఆ స్లైడ్ శీర్షిక చదివితే, పరీక్షల సమాచారాన్ని బట్టి తమ అంచనాలు ఉన్నదాని కంటే ఎక్కువ ముప్పునే చూపిస్తున్నాయన్న భరోసా కలుగుతుంది. కింద మెట్లు మెట్లుగా చిన్న వాక్యాలు. అన్నిటికంటే అడుగున, చివరి వరుసలో, అసలు విషయం: వాస్తవంగా తాకిన ముక్క అంచనా పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే పరీక్షించినదానికంటే 640 రెట్లు పెద్దది. ఆ ఒక్క అంకెతో శీర్షిక నిలబడదు. ఇంగ్లీషులో "గణనీయం" అనే అర్థమిచ్చే మాట అదే స్లైడ్‌లో ఐదుసార్లు వస్తుంది, ఒక్కోసారి ఒక్కో అర్థంలో, ఎక్కడా అంకె లేకుండా. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక టెక్సస్ ఆకాశంలో విడిపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. సమాచారాన్ని కంటికి కనిపించేలా అమర్చే పద్ధతుల మీద ఎంతో రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ ఈ స్లైడ్‌ను వరుస వరుసగా విప్పి చూపించారు. అదే ఏడాది ఆగస్టులో వెలువడిన దర్యాప్తు బోర్డు నివేదిక కూడా, సాంకేతిక పత్రాలు రాయవలసిన చోట స్లైడ్లతో సరిపెట్టే అలవాటును తప్పుపట్టింది.

ఇక్కడ కాస్త జాగ్రత్త పడాలి. కొలంబియాను కూల్చింది పవర్‌పాయింట్ అని చాలామంది శిక్షకులు చప్పట్ల కోసం చెబుతారు. బోర్డు చూపించిన కారణాలు అంతకంటే లోతైనవి: కక్ష్యలో ఉన్న నౌకకు ఫొటోలు తీయించాలన్న ఇంజనీర్ల అభ్యర్థనలు ముందుకు సాగకపోవడం, నురుగు ఊడటం మామూలేనని ఏళ్ల తరబడి అలవాటుపడటం. ఆ స్లైడ్ మాట్లాడింది నౌకను వేడి నుంచి కాపాడే పలకల గురించి, తెగింది రెక్క ముందంచు. అయినా నేను దాన్ని పంచింది ఒక్క పోలిక కోసం. పైన ధైర్యం చెప్పే శీర్షిక, అడుగున దాన్ని కొట్టిపారేసే అంకె. క్వాలిటీ హెడ్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, తన 22వ స్లైడ్‌ను పక్కన పెట్టుకున్నారు. నేను ఇంకేమీ వివరించవలసిన అవసరం రాలేదు.

అక్కడ నేను ప్రతిపాదించింది పని విడదీయడం. ఆ 58 స్లైడ్లూ రెండు కొలువులు చేస్తున్నాయి. ఆడిటర్ అడిగితే చూపించవలసిన రికార్డూ అవే, నిలబడి మాట్లాడేవాడి వెనక వేలాడే బొమ్మా అవే. రికార్డుకు ప్రతి అంకె కావాలి. మాట్లాడేవాడికి అన్ని అంకెలు వెనకుంటే జనం అతని మాట వినడం మానేసి చదవడం మొదలుపెడతారు. వింటున్న మాటలే తెర మీద అక్షరాలుగా కూడా కనిపిస్తే గ్రహింపు పెరగకపోగా తగ్గవచ్చునని, బొమ్మా మాటా కలిస్తే మేలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ బృందం చేసిన ప్రయోగాలు చెబుతాయి. మాట్లాడే భాష సరిగ్గా రాని శ్రోతకు మాత్రం తెర మీది అక్షరాలు సాయపడతాయి. ఈ మినహాయింపు మాకు తర్వాత అక్కరకు వచ్చింది.

కనుక రికార్డును రెండు పేజీల నోట్‌గా మార్చాం. శాఖలవారీగా కాకుండా యంత్రాలవారీగా: ఒక డ్రయ్యర్ పేరు కింద దాని వ్యాక్యూమ్, దానిలో ఆరిన బ్యాచ్‌ల ఫలితాలు, దాని పెండింగ్ విడిభాగాలు, షిఫ్ట్‌వాళ్లు గమనించింది ఒక వాక్యం. సమావేశం మొదట్లో పది నిమిషాలు అందరూ నోరు మెదపకుండా ఆ కాగితం చదవాలి. ఇది నా సొంత ఆలోచన కాదు. అమెజాన్‌లో 2004లో జెఫ్ బెజోస్ పై స్థాయి సమావేశాల్లో స్లైడ్లు మాన్పించి, ఆరు పేజీలు దాటని నోట్ రాయించి మొదట మౌనంగా చదివించే పద్ధతి తెచ్చారు. ఆరు పేజీలు చదివే ఓపిక మా దగ్గర లేదు గనుక రెండు చేశాను.

తెర మీద చూపించేవి మూడే స్లైడ్లు మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది ఒక గ్రాఫు: పైన ఆరు బ్యాచ్‌ల తడి శాతం, దాని కిందే అదే వరుసలో ఆ బ్యాచ్‌లు ఆరినప్పటి వ్యాక్యూమ్. రెండింటినీ ఒకే గ్రాఫులో రెండు కొలతలతో గీయమని ఒకరు అడిగారు, వద్దన్నాను. అలా గీస్తే గీతలు ఎక్కడ కలుసుకోవాలో గీసేవాడే నిర్ణయిస్తాడు, చూసేవాడు ఆ కలయికకు లేని అర్థం తీస్తాడు. గ్యాస్కెట్‌కు ఇండెంట్ పెట్టిన రోజు దగ్గర నిలువుగా ఒక సన్నటి గీత వేశాం.

శీర్షిక దగ్గర మాత్రం తర్జనభర్జన జరిగింది. స్లైడ్ తలమీద "డ్రయ్యర్ వివరాలు" లాంటి పేరు కాకుండా చెప్పదలచిన మాటను పూర్తి వాక్యంగా పెట్టాలని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఆలీ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు, నేనూ అదే నేర్పుతాను. కాని కొలంబియా స్లైడ్‌కు కూడా మాట చెప్పే శీర్షికే ఉంది కదా అని ప్రొడక్షన్ మేనేజర్ అడిగారు. సరైన ప్రశ్న. వాక్యం రాసినంత మాత్రాన అది నిజం కాదు, పైగా వాక్యంగా ఉన్న అబద్ధం పేరుగా ఉన్న అబద్ధం కంటే త్వరగా తలకెక్కుతుంది. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం: శీర్షిక ఆఖరున రాయాలి, కింది అంకెలు దాన్ని మోస్తాయో లేదో ఇంకో శాఖ మనిషి చూసి సంతకం పెట్టాలి. మా గ్రాఫుకు వచ్చిన శీర్షిక తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "రెండూ పరిమితిలోనే ఉన్నాయి, వ్యాక్యూమ్ తగ్గినకొద్దీ తడి పెరిగింది."

మొదటి ప్రయత్నం బాగా సాగలేదు. నోట్‌లో షిఫ్ట్‌వాళ్ల వాక్యాలను తెలుగులో ఉంచాలని నేనే పట్టుబట్టాను. ఆఫీసు టైపిస్టు వాటిని పాత అను ఫాంట్లలో కొట్టాడు. సమావేశ గదిలోని కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు లేవు. తెలుగు ఉండవలసిన చోటల్లా ఇంగ్లీషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగాపులగంగా వచ్చాయి. ఆ తరం ఫాంట్లు యూనికోడ్ (అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేతాలు) కావు గనుక, ఫాంట్ లేని యంత్రంలో వాటి కింద దాగిన వేరే అక్షరాలే బయటపడతాయి. తర్వాత అంతా యూనికోడ్‌లోకి మార్చి, విండోస్‌లో దొరికే గౌతమి, నిర్మల యూఐలతో సరిపెట్టుకుని, నోట్‌ను పీడీఎఫ్‌గా పంపడం మొదలుపెట్టాం. తెలుగుకు వరుసల మధ్య దూరం కూడా పెంచాలి. ఇంగ్లీషు టెంప్లేట్‌లో ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే "గ్యాస్కెట్"లోని వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది.

పది నిమిషాల మౌనం అంతకంటే కష్టమైంది. ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు, ఒకరు ఆలస్యంగా వచ్చారు, ప్లాంట్ హెడ్ నాలుగు నిమిషాల్లో చదివేసి ప్రశ్నలు మొదలుపెట్టారు. మెయింటెనెన్స్ మేనేజర్ అయితే ఎందుకైనా మంచిదని పాత స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారు. స్లైడ్లు లేకుండా వెళ్తే పని చేయకుండా వచ్చినట్టు కనబడతామన్న భయం నేను ఊహించినదానికంటే బలమైనది.

షిఫ్ట్ ఇన్‌చార్జ్ వంతు వచ్చింది. గ్రాఫు చూపించాక, ముందుగా అనుకున్నట్టు, కీబోర్డు మీద ఇంగ్లీషు బీ అక్షరం నొక్కాం. స్లైడ్ షో నడుస్తుండగా అది నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలియని వాళ్లు సిస్టం హ్యాంగ్ అయిందని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చూడటానికి ఇంకేమీ లేకపోవడంతో అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన జేబులోంచి అరచేతి పొడవున్న రబ్బరు ముక్క తీశాడు. దర్యాప్తు సమయంలో మార్చిన పాత గ్యాస్కెట్ నుంచి కోసినది. దాన్ని చేతులు మారుస్తూ బల్ల చుట్టూ తిప్పారు. వంచబోతే వంగలేదు, అంచున సన్నటి బీటలు, ఒక చోట గోరు పెడితే పొడిగా రాలింది. ఆయన నాలుగు నిమిషాలు తెలుగులోనే మాట్లాడాడు. ఈల ఏ షిఫ్ట్‌లో మొదలైందో, బోల్టులు ఎన్నిసార్లు బిగించారో, ఇండెంట్ ఏ తేదీన పెట్టారో చెప్పాడు. ప్లాంట్ హెడ్ గుజరాత్ నుంచి వచ్చినవారు, తెలుగు కొంతే తెలుసు. ఆయన కోసం క్వాలిటీ హెడ్ అప్పుడప్పుడు ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పారు. గ్రాఫు మీది పేర్లు ఇంగ్లీషులో ఉంచడం కూడా ఆయనను దృష్టిలో పెట్టుకునే, ఇందాకటి మినహాయింపు ఇక్కడ పనికొచ్చింది. నేను గీయించిన మూడు స్లైడ్లలో ఏదీ ఆ రబ్బరు ముక్క చేసిన పని చేయలేదని ఒప్పుకోవాలి.

గ్రాఫు ఇంకో ప్రశ్నను కూడా లేపింది, ఆ ప్రశ్న రావడమే దాని ప్రయోజనం. ప్రొడక్షన్ మేనేజర్ అడిగారు: తప్పు డ్రయ్యర్‌దేనా, లేక సెంట్రిఫ్యూజ్ (ఆరబెట్టే ముందు గిరగిర తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) నుంచే తడి ఎక్కువున్న కేక్, అంటే ముద్ద, వస్తోందా? రెండు గీతలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కానక్కరలేదు. సెంట్రిఫ్యూజ్ దగ్గరి రికార్డులు తెప్పించి చూస్తే ఆ రెండు నెలల్లోనూ కేక్ తడి దాదాపు ఒకేలా ఉంది. కొత్త గ్యాస్కెట్ వేశాక వరుసగా మూడు బ్యాచ్‌లు 0.23, 0.26, 0.24 వచ్చాయి. డీవియేషన్ మూసేశారు.

ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద అక్కడికి వెళ్లినప్పుడు నెలవారీ సమావేశంలో కూర్చున్నాను. స్లైడ్లు మూడు నుంచి 26కు పెరిగాయి. ప్రధాన కార్యాలయం తన టెంప్లేట్ తప్పనిసరి అన్నదట, రంగు గడులు కూడా తిరిగొచ్చాయి. యంత్రాలవారీ నోట్ మాత్రం నిలిచింది. మౌనంగా చదవడం పది నుంచి ఆరు నిమిషాలకు తగ్గినా మానలేదు. ఆ షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఇప్పుడు తెరకు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. పెండింగ్ విడిభాగాల స్లైడ్ మళ్లీ చివరికే చేరింది, 25వదిగా. దాన్ని డ్రయ్యర్ల పక్కకు తేవచ్చు కదా అని స్టోర్స్ మేనేజర్‌ను అడిగాను. వచ్చే నెల చూద్దాం సార్ అన్నారు.